హాల్‌టికెట్, ఓపీ చీటీ ఒకే తేదీన పడితే

కాలేజీ ఆఫీసుల్లోని కండొనేషన్ (తగ్గిన హాజరును మన్నించమని పెట్టుకునే అర్జీల) ఫైళ్లను నమ్మితే, హైదరాబాద్‌లో డిగ్రీ, ఇంజినీరింగ్ చదివే పిల్లలకు ఏటా టైఫాయిడ్ వచ్చిపోతున్నట్టే లెక్క. టైఫాయిడ్ కాకపోతే వైరల్ ఫీవర్, అదీ కాకపోతే కామెర్లు. డిప్రెషన్ అనో, యాంగ్జయిటీ అనో రాసిన సర్టిఫికెట్ మాత్రం అరుదు. అలాంటి పిల్లలు లేక కాదు. నెలనెలా సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లే విద్యార్థి కూడా హాజరు తగ్గినప్పుడు వీధిలో తెలిసిన క్లినిక్‌కు వెళ్లి జ్వరం సర్టిఫికెట్ రాయించుకుంటాడు. జ్వరానికి ఎవరూ సంజాయిషీ అడగరు మరి.

ఆ పూటకు పని జరిగిపోతుంది. కానీ జ్వరం వారానికో పది రోజులకో తగ్గాల్సిన జబ్బు. వారం వారం సాగే థెరపీకి, నెలనెలా మారే మందులకు జ్వరం ముసుగు ఎంతో కాలం ఆగదు. రెండో సెమిస్టర్‌లోనూ టైఫాయిడే అంటే హెచ్‌ఓడీ (విభాగాధిపతి) కళ్లజోడు పైనుంచి చూస్తారు. అసలు ఇబ్బంది అంతకంటే పెద్దది. కాలేజీకి తెలిసింది జ్వరం గురించే కాబట్టి, కాలేజీ సర్దుబాటు చేయగలిగిందీ జ్వరానికే.

ఈ విషయం మాట్లాడుకునేటప్పుడు ముందు వినపడేది టైమ్ మేనేజ్‌మెంట్ అనే మాట. టైమ్‌టేబుల్ గీసుకో, పొద్దున్నే లే, ఫోన్ పక్కన పెట్టు. సలహాలు మంచివే, కానీ చిక్కు గంటల్లో లేదు. అపాయింట్‌మెంట్‌కు ఏ పని మీద వెళ్తున్నారు, ఆ పని ఫలితం చూపించడానికి ఎన్ని వారాలు పడుతుంది, ఆ రోజు క్లాసులో లేనందుకు ఏ కాగితం చూపించాలి అన్నవి తేలితే గంటలు చాలావరకు సర్దుకుంటాయి. తేలకపోతే ప్రతి సెమిస్టర్‌లోనూ ఒకటే పాట: "పరీక్షలయ్యాక చూద్దాంలే." ఇంట్లోవాళ్లు అంటారు, విద్యార్థీ అంటాడు. పరీక్షలు మాత్రం అవ్వవు. మొదటి మిడ్, రెండో మిడ్, ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్, సెమిస్టర్, ఒకటి రెండు పోతే సప్లీ. నాలుగేళ్ల బీటెక్‌లో "పరీక్షలయ్యాక" అనే కాలం ఎక్కడుందో వెతికితే ఎండాకాలం సెలవుల్లో కొన్ని వారాలు దొరుకుతాయేమో.

హాజరు లెక్క

భయమంతా హాజరు దగ్గరే కాబట్టి ముందు ఆ లెక్క తేల్చుకోవాలి. జేఎన్‌టీయూ హైదరాబాద్ బీటెక్ నిబంధనల్లో సెమిస్టర్‌కు కనీసం 90 పనిదినాలు ఉండాలి, అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం హాజరు ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే తగిన కారణం, దానికి ఆధారం చూపించి, ఫీజు కట్టి కండొనేషన్ తెచ్చుకోవచ్చు. 65 కంటే తగ్గితే ఏ కారణమూ చెల్లదు, డిటైన్ అయినట్టే, అంటే సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వరు. అటానమస్ కాలేజీలకు సొంత నిబంధనల పుస్తకం ఉంటుంది. వాటిలో సబ్జెక్టుల వారీ షరతులు ఉంటాయేమో మొదటి వారంలోనే చూసుకోవడం మేలు.

తొంభై రోజుల్లో 75 శాతం అంటే 68 రోజులు. అంటే 22 రోజులు పోయినా గట్టెక్కవచ్చు. ఇప్పుడు వారానికో రోజు పూర్తిగా థెరపీకే పోయిందనుకుందాం. పదహారు వారాలకు 16 రోజులు. ఇంకా ఆరు మిగిలాయి. సగం పూటే పోతే మొత్తం ఎనిమిది రోజులు, చేతిలో పద్నాలుగు. నెలకోసారి మందుల కోసం వెళ్లేవాళ్లకు నాలుగు రోజులు కూడా దాటవు.

అంటే అపాయింట్‌మెంట్లు ఒక్కటే ఎవరినీ డిటైన్ చేయవు. హాజరును తినేసేవి వేరే రోజులు. రాత్రంతా నిద్ర పట్టక ఏడింటి కాలేజీ బస్సు దాటిపోయిన పొద్దులు, లేచి కూడా పక్క మీదినుంచి కదలలేని సోమవారాలు, క్లాసు గుమ్మం దాకా వచ్చి గుండె దడతో వెనక్కి తిరిగిన మధ్యాహ్నాలు. వాటికి చీటీ ఉండదు కాబట్టి లెక్కలోకి రావు. డాక్టర్ దగ్గరికి వెళ్లిన రోజుకు చీటీ ఉంటుంది కాబట్టి అది కంటికి ఆనుతుంది. "వారం వారం ఆ తిరుగుడు మానేస్తే హాజరు దానంతటదే పెరుగుతుంది" అని ఇంట్లో అనేది అందుకే. మానేశాక పెరిగేది చాలాసార్లు ఆ చీటీ లేని పొద్దులే.

ఏ రోజు వెళ్లాలన్నదానికీ విలువుంది. మూడు పీరియడ్ల ల్యాబ్ పోతే హాజరుతో పాటు రికార్డు, వైవా కూడా వెనకబడతాయి. లైబ్రరీ, స్పోర్ట్స్ అని రాసుండే మధ్యాహ్నం పోతే పెద్ద నష్టం లేదు. సెమిస్టర్ టైమ్‌టేబుల్ నోటీసుబోర్డు మీద పడిన వారంలోనే అలాంటి పూట ఒకటి చూసుకుని, పదహారు వారాలకూ అదే స్లాట్ అడగాలి. వారం వారం కొత్త టైము వెతుక్కునేవాళ్లు నాలుగో వారానికల్లా విసిగి వదిలేస్తారు.

అన్ని అపాయింట్‌మెంట్లూ ఒకటి కావు

పరీక్ష తేదీ మీద అపాయింట్‌మెంట్ పడినప్పుడు వెళ్లాలా, వాయిదా వేయాలా అన్నదానికి ఒకే జవాబు లేకపోవడానికి కారణం ఆ ఒక్క మాట కింద నాలుగు రకాల పనులు దాగి ఉండటం.

మొదటిది సైకియాట్రిస్ట్ దగ్గర మందుల రివ్యూ. కొంతకాలంగా కుదురుగా ఉన్నవాళ్లకు ఇది పది పదిహేను నిమిషాల పని. మాత్రలు చేతిలో ఉంటే నాలుగు రోజులు అటూఇటూ జరిపినా కొంప మునగదు. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల తర్వాత వీడియోలో కూడా రివ్యూ చేయించుకోవచ్చు. పరీక్షల మధ్య దొరికే ఖాళీ రోజున హాస్టల్ గదిలోంచి మాట్లాడి పని ముగించవచ్చు, రూమ్మేట్ కాసేపు బయటికి వెళ్తే.

రెండోది థెరపీ. ఇది ముప్పావు గంట నుంచి గంట దాకా మాట, మందు కాదు. ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే, సీబీటీ అని పిలిచే పద్ధతిలో ఒక కోర్సు సాధారణంగా 12 నుంచి 20 సెషన్లు. వారానికొకటి చొప్పున చూస్తే ఇంచుమించు ఒక సెమిస్టర్. కాబట్టి సెమిస్టర్ మొదట్లో మొదలుపెట్టినవాళ్లకు అసలు పరీక్షల నాటికి చేతిలో ఏదో ఒక ఉపాయం ఉంటుంది. పరీక్షలకు పది రోజుల ముందు మొదలుపెట్టినవాళ్లు ఇంకా పరిచయాల దగ్గరే ఉంటారు. పరీక్షల వారంలో సెషన్ మానడం కంటే దాని తీరు మార్చుకోవడం మంచిది. తేదీలు ముందే చెబితే థెరపిస్టు ఆ వారం చిన్నప్పటి గాయాల జోలికి పోకుండా, నిద్ర, భయం, హాల్లో ఊపిరి ఆడనట్టు అనిపిస్తే ఏం చేయాలి వంటి వాటికే సెషన్‌ను పరిమితం చేస్తారు. చాలామంది తేదీలు చెప్పరు. బుధవారం సాయంత్రం గంటసేపు ఏడ్చి, గురువారం పొద్దున మ్యాథ్స్ పేపర్ ముందు కూర్చుని, "థెరపీ వల్లే పోయింది" అనుకుంటారు.

మూడోది రక్తపరీక్ష. ఇది తక్కువమందికే పడుతుంది గానీ, పడినవాళ్లకు తేదీతో పాటు గంట కూడా ముఖ్యమే. బైపోలార్‌కు (విపరీతమైన హుషారు, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బుకు) లిథియం వాడేవాళ్లు రక్తంలో మందు ఎంతుందో చూపించుకుంటూ ఉండాలి. ఆ నమూనా చివరి మోతాదు వేసుకున్న 12 గంటలకు ఇవ్వాలి. రాత్రి తొమ్మిదికి మాత్ర వేసుకుంటే పొద్దున తొమ్మిదికి ల్యాబ్‌లో ఉండాలి. పదింటి పరీక్షకు ఘట్‌కేసర్ అవతల సెంటర్ పడినవాళ్లకు అది కుదిరే పని కాదు. పరీక్షల ముందు వారంలో చేయించుకోవడమో, పేపర్ లేని రోజుకు పెట్టుకోవడమో తప్ప దారి లేదు.

నాలుగోది చూడటానికి మరీ చిన్నది, మాత్రలు అయిపోతే మళ్లీ రాయించుకోవడం. పరీక్షల్లో ఎక్కువమందిని కిందపడేసేది బహుశా ఇదే. ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత నిలవని సమస్యకు) వాడే మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందులు షెడ్యూల్ ఎక్స్ అనే, గట్టి ఆంక్షలున్న జాబితా కింద ఉంటాయి. వాటిని వీడియోలో రాయడానికి వీల్లేదు. మెడికల్ షాపు వాళ్లు చీటీ నకలు దగ్గర పెట్టుకోవాలి. అందుకే ఈ మందు ప్రతి షాపులోనూ దొరకదు. శనివారం రాత్రి డబ్బాలో రెండు మాత్రలు మిగిలాయని చూసుకుంటే, సోమవారం పరీక్షకు ముందు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. పరీక్షల టైమ్‌టేబుల్ రాగానే చివరి పేపర్ తేదీ దాటి ఇంకో పది రోజులకు సరిపడా మాత్రలు ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోవాలి. రెండు నిమిషాల పని. అదనంగా పది రోజులు ఎందుకంటే ఈ నగరంలో పరీక్షలు చెప్పిన తేదీకే అయిపోతాయన్న గ్యారంటీ లేదు. వాన పడితే వాయిదా, బంద్ అయితే వాయిదా, ఇంకేదో పోటీ పరీక్ష అడ్డొస్తే వాయిదా.

మందులకు తొందర తెలియదు

పరీక్షల ముందు రోజుల్లో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడ. డిప్రెషన్‌కూ, యాంగ్జయిటీకీ మామూలుగా ముందు రాసే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ వంటి మందులు వేసుకున్న మర్నాడే పనిచేయవు. రెండు నుంచి నాలుగు వారాలకు కాస్త తేడా తెలుస్తుంది, పూర్తి గుణం కనపడటానికి ఆరు వారాలూ పట్టవచ్చు. తమాషా ఏమిటంటే, గుణం ఆలస్యంగా వస్తుంది, ఇబ్బందులు ముందే వస్తాయి. మొదటి వారంలో వికారం, తలనొప్పి, ఒక రకమైన గాబరా, నిద్ర తేడా. అంటే పరీక్షలకు వారం ముందు కొత్త మందు మొదలుపెడితే ఆ మందు తాలూకు చెడంతా పరీక్షల్లో, మంచి అంతా సెలవుల్లో అనుభవించాల్సి వస్తుంది.

దీన్నిబట్టి క్యాలెండర్‌ను వెనక నుంచి చదువుకోవాలి. సెమిస్టర్ పరీక్షలు డిసెంబర్ చివర్లో అనుకుంటే, మందు మార్చాలా, మోతాదు పెంచాలా అన్న మాట డాక్టర్‌తో జరగాల్సింది అక్టోబర్ చివర్లోనో నవంబర్ మొదటి వారంలోనో. ఆ రోజుల్లో పరీక్షల ఊసే ఎవరికీ ఉండదు కాబట్టి ఆ మాట రాదు. మొదటి మిడ్ పేపర్లు చేతికొచ్చే సమయం ఇందుకు మంచి గుర్తు. జేఎన్‌టీయూ ఆర్22 (2022 నాటి) నిబంధనల్లో వందలో 40 మార్కులు కాలేజీలోనే వేసే ఇంటర్నల్స్‌వి, రెండు మిడ్‌ల సగటు తీస్తారు. మొదటి మిడ్‌లో వచ్చిన మార్కులు చూసి కుంగిపోవడం మామూలే. కానీ ఆ రెండు గంటలు హాల్లో ఏం జరిగిందో, అంటే మెదడు మొద్దుబారిందా, చేయి వణికిందా, నిద్ర ముంచుకొచ్చిందా అన్నది రాసుకుని డాక్టర్‌కు చూపిస్తే, అంతకంటే పనికొచ్చే సమాచారం ఇంకోటి ఉండదు. సర్దుబాటుకు ఇంకా సమయం ఉంటుంది.

మందు మానేయడం దీనికి తిరగబడ్డ పొరపాటు. "మాత్రలు వేసుకుంటే మత్తుగా ఉంది, చదువు ఎక్కట్లేదు" అని పరీక్షల ముందు తమంతట తామే ఆపేవాళ్లు కొల్లలు. ఫిర్యాదు నిజమే కావచ్చు. కొన్ని మందులు మత్తునిస్తాయి, నిద్రమాత్రల కోవకు చెందిన కొన్ని కొత్తగా చదివింది బుర్రలో నిలవనివ్వవు కూడా. కానీ రోజూ వేసుకునే మందును ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో తల తిరగడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం, తలలో చిన్న షాక్ కొట్టినట్టు అనిపించడం మొదలవ్వవచ్చు. అది కూడా సరిగ్గా పేపర్ నాటికి. మత్తు గురించి చెబితే డాక్టర్ మాత్ర వేసుకునే వేళ మార్చవచ్చు, మోతాదు తగ్గించవచ్చు, వేరే మందు చూడవచ్చు. రాత్రి పదకొండింటి మాత్రను ఎనిమిదికి జరపడంతోనే పొద్దుటి మబ్బు విడిపోయేవాళ్లూ ఉన్నారు. గుండె దడ తగ్గడానికని కొందరికి ప్రొప్రనలాల్ రాస్తారు. దాన్ని మొదటిసారి పరీక్ష రోజే వేసి చూడకూడదు, ముందు ఒక మామూలు రోజున వేసుకుని ఎలా ఉందో తెలుసుకోవాలి. ఆస్తమా ఉన్నవాళ్లు ఫ్రెండ్ దగ్గర తీసుకుని వేసుకునే మందు అసలే కాదు.

ఇక నైటవుట్. హాస్టల్ సంస్కృతిలో దీనికి ఉన్న గౌరవం అంతా ఇంతా కాదు. రాత్రి రెండింటికి చాయ్, జిరాక్స్ కాగితాలు, "మూడు యూనిట్లు అయిపోయాయిరా" అన్న గొప్పలు. మామూలు వాళ్లకు అది మర్నాటి ఆవలింతలతో పోతుంది. బైపోలార్ ఉన్నవాళ్లకు వరుసగా రెండు మూడు రాత్రులు నిద్ర లేకపోతే మేనియా లేవడానికి అదే నిప్పురవ్వ అవుతుంది. విపరీతమైన హుషారు, నిద్ర అక్కర్లేదనిపించడం, సిలబస్ మొత్తం అరచేతిలో ఉన్నట్టు ధీమా. చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని పరీక్షల పట్టుదల అనుకుంటారు. కుటుంబం గుర్తించే సరికి రెండు పేపర్లు పోయి ఉంటాయి.

రెండో సెమిస్టర్ పరీక్షలు ఎండల్లో పడితే లిథియం వాడేవాళ్లకు ఇంకో జాగ్రత్త ఉంది. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. మే నెల హైదరాబాద్‌లో ఫ్యాన్ తిరగని హాల్లో మూడు గంటలు, పైగా తలనొప్పికి ఇబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్ర తోడైతే ఇంకా పెరుగుతుంది. చేతులు బాగా వణకడం, వాంతులు, నడకలో తూలడం కనిపిస్తే అది పరీక్ష టెన్షన్ కాదు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిన విషయం. రంజాన్ ఉపవాసాలు ఉండే విద్యార్థులు నెల మొదలు కాకముందే మాత్రల వేళలు డాక్టర్‌తో మాట్లాడుకోవడం మంచిది. ఈ నగరంలో డాక్టర్లకు ఆ ప్రశ్న కొత్త కాదు.

దారి, క్యూ, పేరు

ఎర్రగడ్డ అన్న పేరే హైదరాబాద్‌లో ఒక ఎగతాళి. "నిన్ను ఎర్రగడ్డలో వెయ్యాలిరా" అని స్నేహితులు నవ్వుకుంటూ అనేస్తారు. అదే క్లాసులో ఒకరు మర్నాడు పొద్దున అక్కడి మానసిక ఆరోగ్య సంస్థలో ఓపీ క్యూలో నిలబడాల్సి ఉందని వాళ్లకు తెలియదు. మెట్రో వచ్చాక దారి తేలికైంది. కూకట్‌పల్లి వైపు వాళ్లకు రెడ్ లైన్‌లో నేరుగా ఎర్రగడ్డ స్టేషన్, తార్నాకలో ఎక్కే ఉస్మానియా వాళ్లకు అమీర్‌పేటలో ఒక మార్పు. పేరుతో వచ్చే జంకు మాత్రం తగ్గలేదు. ఆ జంకు ఉన్నవాళ్లు గాంధీ, ఉస్మానియా ఆస్పత్రుల్లోని సైకియాట్రీ విభాగాలకు వెళ్లవచ్చు. అక్కడ క్యూలో ఎవరు దేనికొచ్చారో ఎవరికీ పట్టదు.

ప్రభుత్వ ఆస్పత్రుల ఓపీ పొద్దుటి పూట. అంటే ఒక సగం రోజు పోయినట్టే. ప్రైవేటు క్లినిక్‌లు చాలావరకు సాయంత్రం కూడా ఉంటాయి, కాకపోతే ఫీజు భరించాలి. ఇబ్రహీంపట్నం, దుండిగల్ వైపు నగరం అంచున ఉన్న కాలేజీల పిల్లలకు ఇంకో తంటా ఉంది. మధ్యాహ్నం బయటికి రావాలంటే ఔట్‌పాస్ కావాలి, ఔట్‌పాస్‌కు కారణం చెప్పాలి. కాలేజీ బస్సు సాయంత్రం దాకా కదలదు.

కాగితం మీద ఎంత చెప్పాలి

కారణం చెప్పాల్సి వచ్చిన చోటే టైఫాయిడ్ పుడుతుంది. నిజానికి సర్టిఫికెట్‌లో జబ్బు పేరు లేకుండానే పని జరిపించవచ్చు. "ఈ విద్యార్థి మా దగ్గర చికిత్సలో ఉన్నారు, సెమిస్టర్ పొడుగునా క్రమం తప్పకుండా ఆస్పత్రికి రావాల్సి ఉంటుంది, ఫలానా తేదీల్లో వచ్చారు" అని డాక్టర్ రాసి, సంతకం, రిజిస్ట్రేషన్ నంబర్ వేస్తే అది అబద్ధం కాదు, గుట్టూ బయటపడదు. ఓపీ చీటీల నకళ్లు ఎప్పటికప్పుడు దాచుకుంటే తేదీలకు అవే సాక్ష్యం. రోగ నిర్ధారణ ఉన్న పేజీ ఇవ్వాల్సిన పని లేదు. ఈ కాగితాన్ని హాజరు తగ్గాక కాకుండా సెమిస్టర్ మొదట్లో ఇస్తే దాని బరువే వేరు. నవంబర్‌లో ఇచ్చిన సర్టిఫికెట్ సాకులా కనిపిస్తుంది, ఆగస్టులో ఇచ్చింది సమాచారంలా కనిపిస్తుంది.

2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాల గోప్యతను రోగి హక్కుగా గుర్తించింది. పద్దెనిమిది నిండిన విద్యార్థి విషయం డాక్టర్ మామూలుగా కాలేజీకి చెప్పకూడదు. ప్రాణాపాయం లాంటి మినహాయింపులు ఉన్నాయి. కాలేజీ కౌన్సెలర్‌కు చెప్పిన మాట ఎంతవరకు లోపలే ఉంటుందన్నది మాత్రం మొదటి రోజే సూటిగా అడిగి తెలుసుకోవాలి. కొన్నిచోట్ల కౌన్సెలర్ అంటే ఖాళీ పీరియడ్ ఉన్న లెక్చరర్. ఇంటర్నల్ మార్కులు వేసే చెయ్యీ, కష్టం చెప్పుకోవాల్సిన చెవీ ఒకరివే అయితే ఎవరు నోరు విప్పుతారు?

ఈ పరిస్థితి మీదే సుప్రీంకోర్టు 2025 జులై 25న పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన విద్యార్థిని కేసులో వచ్చిన తీర్పు అది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలి. చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. పరీక్షల రోజుల్లో చిన్న చిన్న బృందాలకు ప్రత్యేకంగా మెంటార్లను కేటాయించాలని కూడా అందులో ఉంది. మెంటార్ కేటాయింపు కాలేజీల్లో పాత మాటే, ఇరవై మందికొకరు అని కాగితం మీద ఉంటుంది, సెమిస్టర్‌కోసారి సంతకాలు పెట్టించుకుంటారు. తీర్పు తర్వాత తేడా రావాల్సింది ఆ సంతకాల దగ్గరే.

పరీక్షలో అదనపు సమయం గురించి కూడా అపోహలున్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో మానసిక అనారోగ్యం ఒకటి. 2018 కేంద్ర మార్గదర్శకాలు గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలన్నాయి, అంటే మూడు గంటల పేపర్‌కు గంట. కానీ వాటిలో దానికి 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉండాలన్న షరతు ఉండేది. డిప్రెషన్‌కు మందులు వాడుతున్నంత మాత్రాన అది రాదు. రాయడంలోనే ఇబ్బంది ఉన్నవాళ్లకు 40 శాతం లేకపోయినా సహాయం ఇవ్వాలని 2021లో యూపీఎస్సీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ మీదట 2022 ఆగస్టులో వేరే మార్గదర్శకాలు వచ్చాయి. 2025లో ఆ 40 శాతం షరతు అడ్డు కాకూడదని కోర్టు మళ్లీ చెప్పింది. ఎక్కువమంది వీటి కిందికి రారు. వాళ్లకు దక్కేవి అడిగి తెచ్చుకునే చిన్న సౌకర్యాలే. తలుపు దగ్గరి సీటు, మంచినీళ్ల సీసా, మధ్యలో ఒకసారి బయటికి వెళ్లి మొహం కడుక్కుని రావడం. ఇన్విజిలేటర్‌ను అప్పటికప్పుడు అడిగితే నియమాలు గుర్తొస్తాయి. చీఫ్ సూపరింటెండెంట్‌కు రెండు రోజుల ముందు చీటీతో చెబితే మనిషి గుర్తొస్తాడు.

ఎవరికైనా బతకాలని లేదన్న ఆలోచనలు వస్తుంటే పైన చెప్పిన లెక్కలేవీ వర్తించవు. వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు, పేపర్ అయ్యేదాకా కూడా ఆగకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబర్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబర్ 10 నుంచి ఈ సేవ నడుస్తోంది. పక్క గదిలో ఉన్న స్నేహితుడు ఆస్పత్రి ఎమర్జెన్సీకి తోడు వెళ్లవచ్చు. పోయిన పేపర్‌కు సప్లీ ఉంటుంది.

చివరి పేపర్ మర్నాడు

చివరి పేపర్ రాసిన సాయంత్రమే హాస్టళ్లు ఖాళీ అవుతాయి. నల్గొండకో, ఖమ్మానికో, మహబూబ్‌నగర్‌కో బస్సు ఎక్కేవాళ్లలో నెలన్నరగా పరీక్షలనే ఊతకర్రతో నిలబడ్డవాళ్లూ ఉంటారు. ఊతం తీసేసిన మొదటి రెండు వారాల్లో కూలబడటం వైద్యులకు తెలిసిన సంగతే. వాయిదా వేసిన అపాయింట్‌మెంట్లన్నీ అప్పుడే రావాలి. కానీ అప్పటికి ఫైలు హైదరాబాద్‌లో, మనిషి ఊళ్లో. ఊళ్లో మాత్ర వేసుకుంటుంటే నానమ్మ అడుగుతుంది, పెదనాన్న అడుగుతాడు, "దేనికిరా ఆ మాత్రలు?" సెలవుల్లో మందు ఆగిపోయేది చాలావరకు ఆ ప్రశ్నకు జవాబు దొరక్కే.

అందుకని పరీక్షల ముందు చివరిసారి వెళ్లినప్పుడే సెలవుల మధ్యకు ఒక వీడియో అపాయింట్‌మెంట్ రాయించుకోవడం, మందుల చీటీ ఫోటో ఫోన్లో పెట్టుకోవడం, నానమ్మకు ఏం చెప్పాలో కూడా డాక్టర్‌నే అడిగి పెట్టుకోవడం మంచిది. "నిద్రకు ఇచ్చారు" అని చెబితే చాలు, చాలా ఇళ్లలో రెండో ప్రశ్న రాదు.